కడపలో కెటిల్‌బెల్ స్టూడియో: ఒక గది, ఆరుగురు మనుషులు

నమస్కారం. కడపలోనో ప్రొద్దుటూరులోనో సొంతంగా ఒక చిన్న కెటిల్‌బెల్ స్టూడియో పెట్టాలనుకునేవారి కోసం ఈ వీడియో. కెటిల్‌బెల్ అంటే పైన పిడి ఉన్న ఇనుప గుండు, వ్యాయామానికి వాడేది. పెద్ద జిమ్ అంటే యంత్రాలు, యంత్రాలంటే లక్షల్లో అప్పు. దీనికి అంత అక్కరలేదు. ఒక గది, 200 కిలోల ఇనుము, నేర్పగల మనిషి ఉంటే చాలు. ఇనుము ఎవరైనా కొనుక్కోగలరు. మీ దగ్గరికి వచ్చేవాళ్లు డబ్బు ఇచ్చేది తమ నడుము ఎలా వంగుతోందో మీరు దగ్గరుండి చూసి సరిదిద్దుతారని. కాబట్టి ఏ నిర్ణయమైనా ఒకే ప్రశ్నతో మొదలు పెట్టండి: ఒకేసారి ఎంతమందిని నేను నిజంగా గమనించగలను? నా లెక్కలో ఆరుగురు. అందరూ కొత్తవాళ్లయితే నలుగురే.

ముందు గది చూద్దాం. స్వింగ్, అంటే బెల్‌ను కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకు ఊపడం, చేసే ఒక్కొక్కరికి 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు చోటు వదలండి. ఆరుగురికి, మధ్యలో మీరు తిరగడానికి కలిపి 350 నుంచి 400 చదరపు అడుగులు సరిపోతుంది. ఎవరి ఎదురుగానూ మరొకరు నిలబడకూడదు. చేయి జారితే బెల్ ముందుకే ఎగురుతుంది. పైన సీలింగ్ ఫ్యాను ఉంటే తీయించి గోడ ఫ్యాన్లు పెట్టించండి. ఆరడుగుల మనిషి బెల్‌ను తల మీదికి ఎత్తితే ఫ్యాను రెక్కలకు తగలవచ్చు.

మన ఊళ్లో ఎక్కువ గదుల్లో నేల కడప బండలే. ఇది సున్నపురాయి, పొరలు పొరలుగా ఉంటుంది. 16 కిలోల బెల్ నేరుగా పడితే అంచు ఎగిరిపోతుంది, లేదా బండ పగులుతుంది. తర్వాత ఇంటి యజమాని అడ్వాన్సులోంచి కోత పెడతాడు. పాలిష్ బండ మీద చెమట పడితే కాలు కూడా జారుతుంది. అందుకే గోడ నుంచి గోడ దాకా 20 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్లు పరిపించండి. డబ్బు తక్కువైతే బెల్స్ రెండు తగ్గించుకోండి, మ్యాట్ మాత్రం తగ్గించకండి.

రేకుల షెడ్డు అద్దె చౌక అని మొగ్గకండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం ఏడింటికి కూడా రేకు వేడి కక్కుతూనే ఉంటుంది. పైన మరో అంతస్తు ఉన్న కింది పోర్షను దొరికితే అదే మంచిది. ఆ బరువులు నేల మీద ఉండటమే భవనానికీ మేలు.

ఇక బెల్స్. రష్యాలో ధాన్యం తూచడానికి వాడిన ఇనుప గుండ్ల నుంచి వచ్చినవి ఇవి. అక్కడి పాత తూకం పేరు పూడ్, అంటే 16.38 కిలోలు. 16, 24, 32 కిలోల బెల్స్ అందుకే వచ్చాయి: ఒక పూడ్, ఒకటిన్నర, రెండు. మన పల్లెల్లో ఉగాదికి గుండు ఎత్తే పోటీలు చూసిన పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి, ఆసక్తిగా వింటారు.

మొదటి కొనుగోలు ఇలా ఉండాలి: 8 కిలోలవి 3, 12 కిలోలవి 4, 16 కిలోలవి 4, 20 కిలోలవి 2, 24 కిలోలది 1. సరిగ్గా 200 కిలోలు. కొత్తగా మొదలు పెట్టే ఆడవాళ్లలో చాలామందికి 8 గానీ 12 గానీ, మగవాళ్లకు 12 గానీ 16 గానీ సరిపోతుంది. ఒకే పోతగా వచ్చిన ఇనుప బెల్ తీసుకోండి. కొనే ముందు పిడి లోపలి వైపు వేలు తిప్పి చూడండి, గరుకు తగిలితే వదిలేయండి, అరచేయి చీరుకుపోతుంది. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి అసలు వద్దు. వాటి పిడి లావు, ఆకారం పెద్దది, స్వింగ్‌లో కాళ్ల మధ్య ఇమడవు.

ఇప్పుడు నేర్పడం. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోకండి.

(గోడకు వీపు చూపిస్తూ నిలబడి)

మొదటి వారం ఎవరి చేతా స్వింగ్ చేయించకండి. గోడకు ఒక అడుగు దూరంలో ఇలా నిలబెట్టండి. మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంగాలి, వీపు గుండ్రం కాకుండా తిన్నగా ఉండాలి, పిరుదులు వెనక్కి వెళ్లి గోడకు తగలాలి. చాలామంది గుంజీలు తీసినట్టు కిందికి కూర్చుంటారు. "అన్నా, కిందికి కాదు, వెనక్కి" అని నెమ్మదిగా చెప్పండి. ఇది కుదిరాక డెడ్‌లిఫ్ట్: బెల్ చీలమండల మధ్యలో, అదే వంపుతో కిందికి, అదే వంపుతో పైకి. వరుసగా పది సార్లు వీపు గుండ్రం కాకుండా చేస్తేనే స్వింగ్‌కు పంపండి. స్వింగ్‌లో చేతులు తాడులాంటివి మాత్రమే, బెల్‌ను విసిరేది తుంటి. పైన బెల్ ఛాతీ ఎత్తుకు వచ్చి క్షణం తేలినట్టు ఉండాలి. భుజాలతో లాగేవాళ్లకు బరువు కాస్త పెంచి చూడండి. డెడ్‌లిఫ్ట్ శుభ్రంగా ఉంటే, చేతులతో లేవని బరువు వాళ్లకు తుంటి వాడటం నేర్పుతుంది.

చేర్చుకునే రోజే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, డిస్క్ నొప్పి, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్. వీటిలో ఏది ఉన్నా డాక్టరు చీటీ తెచ్చాకే బరువు ఇవ్వండి. ఇలా వెనక్కి పంపితే ఒక ఫీజు పోతుందని దిగులు పడకండి. ఆ మనిషి మిమ్మల్ని నమ్మి మళ్లీ వస్తాడు.

వేళల విషయంలో కడపను చూసి నడుచుకోండి. ఎండాకాలం ఉదయం ఐదున్నరకే మొదలు పెట్టాలి. పిల్లలను బడికి పంపాక పది గంటలకు ఆడవాళ్లకు ప్రత్యేక బ్యాచ్ పెట్టండి. నేర్పేదీ మహిళే అయితే ఇంకా మంచిది, చాలా ఇళ్లలో అది ఉంటేనే పంపుతారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్ల కోసం సాయంత్రం బ్యాచ్‌ను ఇఫ్తార్ తర్వాతికి మార్చండి, లేదంటే ఆ నెల ఫీజును తర్వాతి నెలకు జరపండి.

డబ్బు సంగతి. ఉదాహరణకు అద్దె 10,000, కరెంటు 1,500, ఊడ్చి తుడిచే మనిషికి 2,000, చిల్లర ఖర్చులు 1,000, మొత్తం 14,500 అనుకుందాం. ఫీజు 1,200 అయితే 13వ మనిషి చేరేదాకా మీ చేతికి రూపాయి రాదు. ఆరుగురి చొప్పున నాలుగు బ్యాచ్‌లు నిండితే 28,800 వస్తుంది, ఖర్చులు పోను 14,300. ఇల్లు గడవడానికి ఇది చాలకపోతే ఫీజు 1,500 చేయండి, అప్పుడు 21,500 మిగులుతుంది. బ్యాచ్‌లో పదిమందిని మాత్రం నింపకండి. పదిమందిలో ఏడో మనిషి వీపు మీకు కనపడదు, నొప్పి వచ్చాక అతను మానేస్తాడు, అతని చుట్టాలూ రారు. ఏడాది ఫీజు ముందుగా వసూలు చేయడం కూడా నాకు నచ్చదు. ఆ డబ్బు జనవరిలోనే ఖర్చవుతుంది, సేవ మాత్రం డిసెంబరు దాకా చేయాలి. మూడు నెలలు చాలు.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. అద్దె ఒప్పందం రాయించుకోండి, నగరపాలక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

పెరగడం గురించి. గూగుల్ మ్యాప్స్‌లో స్టూడియో పేరు పెట్టండి, కానీ ఎవరి ఫొటో అయినా వాళ్లను అడిగాకే వేయండి. రెండో శిక్షకుణ్ణి బయట వెతకడం కన్నా మీ దగ్గర ఏడాది చేసినవాళ్లలో ఓపిక ఉన్నవాళ్లను ఎంచుకోండి. మొదట డెడ్‌లిఫ్ట్ ఒక్కటే నేర్పనివ్వండి, మీరు పక్కన నిలబడి వినండి. నాలుగు బ్యాచ్‌లూ వరుసగా మూడు నెలలు నిండి, పుస్తకంలో వేచి ఉన్నవాళ్ల పేర్లు ఆరు దాటితే ఐదో బ్యాచ్ పెట్టి దాన్ని ఆ కొత్త శిక్షకుడికి అప్పగించండి. అదీ నిండాకే పక్క గది అద్దె గురించి ఇంటి యజమానితో మాట్లాడండి.