అంతియొకయ గద్దె: తల్లికి అందనిది, కూతురికి పుట్టుకతో వచ్చింది

[స్క్రీన్ మీద మ్యాప్: మధ్యధరా సముద్రం తూర్పు తీరం, ఒరోంటెస్ నది]

తెలుగు బైబిల్లో అంతియొకయ అని చదువుతాం కదా, ఆ ఊరే ఇది. ఇప్పుడు తుర్కియేలో అంతాక్య. 1098లో మొదటి క్రూసేడ్ సైన్యం, అంటే జెరూసలేం కోసం యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ సైన్యం, దీన్ని పట్టుకుంది. ఇటలీ నుంచి వచ్చిన నార్మన్ వీరుడు బోహెమాండ్ ఇక్కడ తన రాజ్యం పెట్టాడు. 1268లో ఈజిప్టును ఏలే మామ్లూక్ సుల్తాన్ బైబర్స్ కూల్చేదాకా అది నిలిచింది.

ఇక్కడి పాలకులు 1119లో ఒకరు, 1130లో ఒకరు, 1149లో ఒకరు యుద్ధంలోనే చనిపోయారు. అంటే 30 ఏళ్లలో ముగ్గురు. అందుకే ఈ రాజ్యం కథ అర్థం కావాలంటే వాళ్ల భార్యల గురించి తెలుసుకోవాలి. అందరి గురించీ ఇప్పుడు చెప్పను. ఒక తల్లి, ఒక కూతురు చాలు.

[వంశవృక్షం: రెండో బాల్డ్విన్, మెలిసెండ్, ఆలిస్, హోడియెర్నా]

ఆలిస్ జెరూసలేం రాజు రెండో బాల్డ్విన్ రెండో కూతురు. తల్లి ఆర్మేనియన్. 1126లో అంతియొకయ పాలకుడు రెండో బోహెమాండ్‌తో పెళ్లయింది. 1130లో అతను కిలికియాలో తుర్కుల చేతిలో చనిపోయాడు. మిగిలింది రెండేళ్ల పాప, కాన్‌స్టాన్స్.

ఆలిస్ నగరాన్ని తన చేతిలోకి తీసుకుంది. కన్నతండ్రి సైన్యంతో వస్తే తలుపులు మూయించింది! కానీ లోపలివాళ్లే కొందరు తలుపులు తీశారు. తండ్రి ఆమెను నగరం నుంచి పంపేశాడు. పెళ్లినాడు భర్త రాసిచ్చిన లటాకియా, జబలా ఊళ్లు మాత్రం ఆమెకే వదిలేశాడు.

ఆలిస్ అలెప్పో పాలకుడు జెంగీ సాయం కోరిందనీ, వెండి నాడాలు కొట్టించిన తెల్ల గుర్రాన్ని అతనికి కానుకగా పంపిందనీ విలియం ఆఫ్ టైర్ రాశాడు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈయన జెరూసలేం రాజుల కొలువులో ఉన్న చరిత్రకారుడు, పైగా ఇదంతా జరిగేనాటికి పసివాడు. ఆలిస్‌ను ద్రోహిగా చూపించే మాటలన్నీ ఆమెను ఓడించిన పక్షం నుంచే వచ్చాయి. అందుకే ఆమెను అంత తేలిగ్గా ద్రోహి అనడం నాకు న్యాయంగా అనిపించదు.

తండ్రి పోయాక ఆమె మళ్లీ ప్రయత్నించింది. 1135లో నగరానికి తిరిగొచ్చింది కూడా. కూతుర్ని కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే గ్రీకు చక్రవర్తి, అంటే బైజాంటైన్ చక్రవర్తి, చిన్న కొడుకు మాన్యుయెల్‌కి ఇద్దామనుకుంది. ఇది తెలివైన ఎత్తు. ఉత్తరాన బైజాంటియం, తూర్పున జెంగీ ఉన్నప్పుడు, ఇద్దరిలో ఒకరితోనైనా చుట్టరికం కావాలి.

కానీ ప్రభువులకు గ్రీకు అల్లుడు వద్దు. జెరూసలేం రాజు ఫుల్క్ గుట్టుగా పొయిటియర్స్ రేమండ్‌ను రప్పించాడు. ‘ఆయన వచ్చింది నిన్ను చేసుకోవడానికే’ అని అక్కడి చర్చి పెద్ద, పేట్రియార్క్ రాల్ఫ్ ఆలిస్‌ను నమ్మించాడు. ఆమె పెళ్లి పనుల్లో ఉండగానే రేమండ్ ఆమె కూతుర్ని పెళ్లాడాడు. అది 1136. కాన్‌స్టాన్స్‌కి అప్పుడు సుమారు 8 ఏళ్లు. ఆడపిల్లకు 12 నిండాలన్నది చర్చి నియమమే. చర్చి పెద్దే దాన్ని తొక్కేశాడు.

ఇంత తెలివున్న ఆలిస్ ఎందుకు ఓడింది? ఆమె ఆ ఇంటి కోడలు మాత్రమే. గద్దె మీద హక్కు రక్తంతో వస్తుంది, ఆ రక్తం కూతురిది. ప్రభువులకు తల్లితో పనిలేదు, పిల్ల చేయి ఎవరికి ఇస్తామన్నదే ముఖ్యం.

[కాన్‌స్టాన్స్ పేరు, 1149]

రేమండ్ ఇనాబ్ యుద్ధంలో చనిపోయాడు. ఇప్పుడు కాన్‌స్టాన్స్ కూడా వితంతువే, తల్లిలాగే. కానీ రాజ్యం ఆమెది. పెళ్లి చేసుకోమని జెరూసలేం రాజు మూడో బాల్డ్విన్ ముగ్గురిని చూపించాడు. ముగ్గురినీ వద్దంది. పిన్ని హోడియెర్నా, పెద్దమ్మ మెలిసెండ్ నచ్చజెప్పినా వినలేదు. బైజాంటియం పంపిన వరుడినీ కాదంది. చివరికి 1153లో తనకు నచ్చినవాడిని చేసుకుంది. అతను ఫ్రాన్స్ నుంచి వచ్చిన, ఆస్తిపాస్తులు లేని యోధుడు రేనాల్డ్ ఆఫ్ షాటియాన్.

ఆ ఎంపిక మంచిదని చెప్పలేను. రేనాల్డ్ సైప్రస్‌ను దోచాడు, తర్వాత అలెప్పోలో ఏళ్ల తరబడి బందీగా ఉన్నాడు. అయినా తప్పో ఒప్పో, ఎనిమిదేళ్ల వయసులో తనకు దొరకని నిర్ణయాన్ని ఈసారి ఆమే తీసుకుంది.

రేనాల్డ్ బందీ అయ్యాక కాన్‌స్టాన్స్ తానే ఏలతానంది, కానీ ప్రభువులు చివరికి ఆమె కొడుకు మూడో బోహెమాండ్‌ను గద్దెనెక్కించారు. కూతురు మరియా మాత్రం 1161లో ఆ మాన్యుయెల్‌నే, అప్పటికి చక్రవర్తి అయినవాడిని, పెళ్లాడి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లింది. అమ్మమ్మ అనుకున్న సంబంధం మనవరాలి కాలానికి కుదిరింది. 1180లో మాన్యుయెల్ చనిపోయాక, పసి చక్రవర్తి తల్లిగా మరియా అక్కడ పాలన చేపట్టింది. రెండేళ్లలోనే అధికారం లాక్కున్న ఆండ్రోనికోస్ ఆమెకు మరణశిక్ష వేయించాడు. ఆ ఉత్తర్వు మీద ఆమె కన్నకొడుకు చేతే సంతకం పెట్టించాడు.