శోషరస గ్రంథిని నిలబెట్టే కణాలు: కాకినాడ స్టూడియోలో చర్చ

సంచాలకురాలు: కాలి పుండు చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందని మన కోనసీమలో అంటాం. ఆ బిళ్ళ ఉబ్బిన శోషరస గ్రంథి, అంటే లింఫ్ నోడ్. అందులో తెల్ల రక్తకణాలు ఉంటాయని చాలామందికి తెలుసు. వాటికి ఆధారమైన కణాలను ప్రత్యేకంగా ఎందుకు చదవాలి, డాక్టర్ గారూ?

ఇమ్యునాలజీ పరిశోధకుడు: అవన్నీ ఒకే రకం కావు కనుకనండి. చాలాకాలం వాటిని తమలపాకు తీగలకు వేసిన పందిరిలాగా ఆసరాగానే చూశారు. కానీ ఏ తీగ ఎటు పాకాలో నిర్ణయించేది కూడా ఈ పందిరే. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి-కణాలుండే భాగంలో ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలు వలలా అల్లుకుని, సీసీఎల్19, సీసీఎల్21 అనే సంకేతాలతో వాటిని రప్పించి, ఐఎల్-7 అనే ప్రోటీన్ అందించి బతికిస్తాయి. యాంటీబాడీలకు మూలమైన బి-కణాల గుంపుల్లో సీఎక్స్‌సీఎల్13 అనే సంకేతాన్ని విడుదల చేసేవి వేరు: ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాలు. యాంటీబాడీలు అంటుకున్న సూక్ష్మజీవుల శకలాలను ఇవి నెలల తరబడి తమ కొమ్మలపై పట్టి ఉంచడం వల్లనే, వాటిని గట్టిగా గుర్తుపట్టగల బి-కణాలు ఎంపికవుతాయి. నా దృష్టిలో గ్రంథి మొత్తంలో ఇంతకన్నా అద్భుతమైన పని మరొకటి లేదు. ఇక శోషరస మార్గాల గోడలకు లోపలి పొరగా ఉండే ఎండోథీలియల్ కణాలలోనే ఆరు రకాలున్నాయని, మానవ గ్రంథుల్లో ఒక్కొక్క కణాన్నీ విడివిడిగా పరిశీలించిన అధ్యయనం 2019లో చూపింది.

సంచాలకురాలు: ఇంత వైవిధ్యం ఇన్నాళ్లూ కంటపడలేదా?

పాథాలజిస్టు: లింఫోసైట్ల, అంటే ఈ టి, బి కణాల రద్దీలో ఇవి మరుగునపడతాయమ్మా. వెండి లవణాల రంగు వేస్తే గ్రంథిలోని రెటిక్యులిన్ అనే సన్నని దారాలు నల్లగా కనిపిస్తాయి. వాటిని అల్లిన కణాలను బయటికి తీయాలంటే మాత్రం కణజాలాన్ని ఎంజైములతో కరిగించాలి. మనుషుల్లో పరిశోధనకు ఎక్కువగా దొరికేది శస్త్రచికిత్సలో తీసేసిన టాన్సిల్, అంటే గొంతులో ఉండే ఇలాంటి కణజాలమే.

సంచాలకురాలు: అమలాపురం నుంచి ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు: మందులు మింగినా బోదకాలు వాపు పూర్తిగా ఎందుకు తగ్గదు?

పాథాలజిస్టు: క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు పెద్దవై శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఉండడం వల్ల ఆ నాళాలు సాగిపోతాయి, వాటి కవాటాలు సరిగా మూసుకోవు. మందులు రక్తంలోని పిల్ల పురుగులను తొలగించి, ఇతరులకు సోకకుండా ఆపుతాయి గానీ, దెబ్బతిన్న నాళాన్ని మునుపటిలా చేయలేవు. చర్మం పగుళ్లలోంచి బాక్టీరియా చేరి జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త ముదురుతుంది. అందుకే, అమ్మా, రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం మానకండి.