వెలుతురును లెక్కగట్టి కట్టిన బడి

నమస్కారమండి. వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని, మేరీలాండ్‌లోని క్యాపిటల్ హైట్స్‌లో, సెంట్రల్ అవెన్యూ పక్కన ఉన్న ఈ చిన్న భవనం పేరు రిడ్జ్‌లీ పాఠశాల. 1927లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఈ బడిని పునరుద్ధరించి, 2011లో మ్యూజియంగా తెరిచారు. వాషింగ్టన్ వచ్చిన చుట్టాలను మనం స్మిత్సోనియన్ మ్యూజియాలకు తప్పకుండా తీసుకువెళతాం గానీ, ఇక్కడికీ తీసుకురావాలని నా కోరిక.

ఆ కాలంలో ఇక్కడ నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ వేర్వేరు బళ్ళు ఉండేవి. పన్నులు అందరూ కట్టినా, ప్రభుత్వ సొమ్ములో పెద్ద వాటా తెల్లవారి బళ్ళకే పోయేది. అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థను నడిపిన బుకర్ టి. వాషింగ్టన్, సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ సాయంతో 1912లో ఒక పథకం మొదలుపెట్టారు. 1932 నాటికి దాని కింద, ఈ రిడ్జ్‌లీ బడితో సహా, 15 రాష్ట్రాల్లో సుమారు 5,000 బళ్ళు వెలిశాయి. ఊరివాళ్ళు తమ వంతు ఇవ్వాలి, ప్రభుత్వం ఆ బడిని తన బడిగా నడపాలి అన్నవి షరతులు. వీటిని రోజెన్‌వాల్డ్ బళ్ళంటారు గానీ, ఆయన నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లయితే, నల్లజాతి కుటుంబాలు చందాలు, స్థలాలు, కలప, కాయకష్టం రూపంలో ఇచ్చింది సుమారు 47 లక్షలు. పన్ను కట్టినవాళ్ళే అదే చదువు కోసం రెండోసారి చెల్లించారన్నమాట. ఈ అన్యాయాన్ని దాటవేసి దాత ఔదార్యాన్ని మాత్రమే మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక కట్టడం సంగతి. తొలి నమూనాల రూపకల్పనకు నాయకత్వం వహించింది రాబర్ట్ ఆర్. టేలర్, ఎం.ఐ.టి.లో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1920 నుంచి నాష్‌విల్‌లోని రోజెన్‌వాల్డ్ నిధి కార్యాలయంలో శామ్యూల్ ఎల్. స్మిత్ వాటిని మెరుగుపరిచి, అచ్చువేయించి ఊళ్ళకు పంపేవారు. పల్లెల్లో చాలాచోట్ల కరెంటు లేదు కాబట్టి, పిల్లల కళ్ళకు శ్రమ కలగకుండా పగటి వెలుగుతోనే చదువు సాగాలన్నది ఆ నమూనాల ఆయువుపట్టు. తరగతి గదికి ఒకవైపు గోడంతా ఎత్తయిన కిటికీలే; అవి తూర్పుకో పడమరకో ఉండేలా, స్థలం ఎటు తిరిగి ఉంటే దానికి తగిన నమూనా విడిగా ఉండేది. బల్లలు వేసే తీరు కూడా నిర్ణయించారు: వెలుతురు పిల్లల ఎడమ భుజం మీదుగా పడితే, కుడిచేత్తో రాసేటప్పుడు చేతి నీడ కాగితాన్ని కమ్మదు. గోడల పైభాగానికీ పైకప్పుకూ కాంతిని వెనక్కి కొట్టే లేత రంగులు, కింది భాగానికి ముదురు రంగు వేసేవారు. రెండు గదుల నమూనాలో నడుమ మడత తలుపులు ఉండేవి. వాటిని తీస్తే ఊరంతా కూర్చునే సభాస్థలం సిద్ధమయ్యేది.

బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఈ బళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చాలా వాటిని కూల్చేశారు, కొన్నింటిని గోదాములుగా వాడుకున్నారు. 2002లో జాతీయ చారిత్రక పరిరక్షణ ట్రస్టు వీటిని దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాకే అందరి దృష్టీ వీటి మీద పడింది. రిడ్జ్‌లీ చూడాలనుకునేవారు తెరిచే వేళలు ముందే కనుక్కుని, ఎండ బాగా ఉన్న రోజున రండి.