నాలుగో జాము కల

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కలల గురించి మాట్లాడతానని చెప్పగానే కార్యదర్శిగారు సంతోషించి, "పిల్లలు ఎక్కువమంది వస్తారు మాస్టారూ, కాస్త ఉత్సాహం వచ్చేలా చెప్పండి" అన్నారు. పెద్ద పెద్ద కలలు కనండి, వాటిని నిజం చేసుకోండి అనే ప్రసంగాలు ఈ పిల్లలు స్కూల్లో వింటూనే ఉన్నారు, పాపం. నేను దాని జోలికి పోను. జువాలజీ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. రాత్రి కన్ను మూతపడ్డాక వచ్చే కల గురించే చెబుతాను.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లలో అంటారు. పంచాంగాల్లో, స్వప్నఫలాల పుస్తకాల్లో దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి ఫలిస్తుంది, తర్వాతి జాముల్లో వస్తే ఇన్ని నెలలకు, తెల్లవారుతుండగా వస్తే వెంటనే. ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉంటుంది గానీ వరస మాత్రం ఇదే. రాత్రి గడిచేకొద్దీ కలకు బలం పెరుగుతుంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టేసే ముందు ఒక్క నిమిషం ఆగమంటాను. ఎందుకంటే ఇందులో సగం, కళ్లు తెరుచుకుని గమనించినవాళ్లు చెప్పిన మాట.

శ్రీకృష్ణదేవరాయల కల సంగతి ఇక్కడున్న పెద్దలందరికీ తెలుసు. కళింగ దండయాత్రకు వెళ్తూ విజయవాడలో కొన్నాళ్లు ఆగి, శ్రీకాకుళం వెళ్లాడు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల దగ్గరున్న ఊరు. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. "దేశభాషలందు తెలుగు లెస్స" అన్న మాట అక్కడిదే. మనం ఆ పద్యం దగ్గరే ఆగిపోతాం. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. అందులో దానికి ముందున్న వచనం చూడండి. రాయలు ఆ రోజు ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. కల వచ్చింది ఎప్పుడనుకున్నారు? "చతుర్థ యామంబున". నాలుగో జాములో! భగవంతుడు కనబడ్డాడని చెప్తే సరిపోయేది, వేళ కూడా రాసి పెట్టాడు మహానుభావుడు. ఖాళీ కడుపుతో పడుకున్న మనిషికి తెల్లవారుజామున నిద్ర ఏమాత్రం పట్టి ఉంటుంది? పలచటి నిద్రలో వచ్చిన కల తెల్లారాక కొలువులో చెప్పగలిగినంత స్పష్టంగా గుర్తుండటంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఎందుకు కనిపించదో చెప్పాలంటే చికాగో వెళ్లాలి.

1951 చివర్లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఎసరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ముప్పై దాటిన వయసు, పెళ్లాం, పిల్లాడు, చేతిలో డబ్బు లేదు, ఒక్క డిగ్రీ కూడా పూర్తి చేసింది లేదు. ఆయన గైడ్ నథానియెల్ క్లైట్‌మన్, నిద్ర మీద పరిశోధనకే జీవితం ధారపోసిన మనిషి. ఎసరిన్‌స్కీ ఎక్కడో మూలన పడేసిన, మెదడు, కళ్ల కదలికలను గీతలుగా గీసే పాత యంత్రం ఒకటి తెచ్చి, ఎనిమిదేళ్ల సొంత కొడుకు ఆర్మండ్‌ని మంచం మీద పడుకోబెట్టి, కళ్ల పక్కన, నెత్తి మీద తీగలు అంటించి, తాను పక్కగదిలో కూర్చున్నాడు. కాగితం మీద పెన్నులు గీస్తూ పోతుంటాయి. ఒక్క రాత్రికి దాదాపు అర మైలు పొడవు కాగితం ఖర్చయ్యేది. పిల్లాడు నిద్రపోయాడు, గీతలు నెమ్మదించాయి. కాసేపటికి ఉన్నట్టుండి పెన్నులు అటూ ఇటూ ఎగరడం మొదలుపెట్టాయి. పిల్లాడు లేచి గదిలో అటూ ఇటూ చూస్తున్నాడేమో అనుకుని తండ్రి వెళ్లి చూస్తే, వాడు హాయిగా నిద్రపోతున్నాడు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం గబగబా తిరుగుతున్నాయి.

యంత్రం పాడైందేమోననే అనుమానంతోనే చాలా రోజులు గడిచాయి. క్లైట్‌మన్ కూడా వెంటనే నమ్మలేదు. ఆ తర్వాత పెద్దవాళ్లను పడుకోబెట్టి, కళ్లు తిరుగుతున్నప్పుడు లేపి అడిగారు. అలా లేపిన 27 సార్లలో 20 సార్లు వాళ్లు కలను పూసగుచ్చినట్టు చెప్పారు. కళ్లు కదలనప్పుడు 23 సార్లు లేపితే 19 సార్లు "ఏమీ గుర్తులేదు" అన్నారు. 1953లో ఇద్దరూ కలిసి అచ్చువేసిన ఆ చిన్న వ్యాసంతో నిద్రశాస్త్రం మలుపు తిరిగింది. అంతకుముందు నిద్ర అంటే మెదడు దీపం ఆర్పేసుకోవడమే అనుకునేవారు. ఈ దశకు రెమ్ నిద్ర అని పేరొచ్చింది, కనుగుడ్లు వేగంగా కదిలే నిద్ర అని.

ఇప్పుడు మన జాముల లెక్కకు వద్దాం. నిద్ర సుమారు తొంభై నిమిషాల ఆవృత్తాలుగా నడుస్తుంది. మొదటి ఆవృత్తాల్లో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తగ్గిపోయి రెమ్ నిద్ర సాగుతుంది. చివరి ఆవృత్తంలో అది అరగంట దాటి కూడా ఉండొచ్చు. అంటే నాలుగో జాములో కల పొడుగ్గా ఉంటుంది, రంగురంగులుగా ఉంటుంది, పైగా దాని మధ్యలోనే పాలవాడి బెల్లో, సెల్‌ఫోన్ అలారమో మనల్ని లేపేస్తుంది. లేచినవాడికి గుర్తుంటుంది. మొదటి జాములో వచ్చిన కల మీద నాలుగైదు గంటల నిద్ర పడి తుడిచిపెట్టుకుపోతుంది. మన పెద్దలు గమనించింది అక్షరాలా నిజం. తెల్లవారుజాము కలకు బలం ఎక్కువే. అది నిజమవుతుందన్న దగ్గర మాత్రమే నేను వాళ్లతో ఏకీభవించను. గుర్తున్న కలల్లోంచే కదా ఏదో ఒకటి జరిగిన సంగతికి అతికేది! మరిచిపోయిన వెయ్యి కలల ఫలితం ఎవరు లెక్కపెట్టారు?

చిన్న సవరణ. కల అంటే రెమ్ నిద్ర, రెమ్ నిద్ర అంటే కల అని పాఠ్యపుస్తకాల్లో రాసేస్తారు. అంత సులువు కాదు. మిగతా దశల్లో లేపినా, ముఖ్యంగా తెల్లవారుతున్నప్పుడు, కొందరు కలలు చెబుతారు. మెదడులో కొన్ని చోట్ల దెబ్బతగిలినవాళ్లకు రెమ్ నిద్ర మామూలుగానే ఉన్నా కలలు ఆగిపోయినట్టు 1990లలో మార్క్ సోమ్స్ అనే నాడీ మనస్తత్వశాస్త్రజ్ఞుడు చూపించాడు. రెండూ కలిసి తిరిగే స్నేహితులే గానీ ఒకరే కాదు.

గుర్తుండటం అంటే ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కథ చెప్పాలి. ఇది ఆయన తానే చెప్పుకున్నది. 1920 ప్రాంతంలో ఆస్ట్రియాలో గ్రాజ్ పట్టణం. ఈస్టర్ రోజుల్లో ఒక రాత్రి మెలకువ వచ్చి, కలలో తోచిన ప్రయోగం ఒకటి చిన్న కాగితం ముక్క మీద గీకి మళ్లీ పడుకున్నాడు. పొద్దున్నే చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! ఆ రోజంతా ఎంత కొట్టుకుని ఉంటాడో ఊహించుకోండి. మర్నాటి రాత్రి మూడింటికి అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితం వెతుక్కోలేదు, తిన్నగా ల్యాబ్‌కి పోయాడు. రెండు కప్పల గుండెలు తీశాడు. మా జువాలజీ వాళ్లకు ఇది చేయి తిరిగిన పని. రింగర్ ద్రావణం అనే ఒకరకం ఉప్పునీటిలో పెడితే కప్ప గుండె బయట కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. మొదటి గుండెకున్న వేగస్ నాడిని విద్యుత్తుతో కదిలిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. ఏ నాడీ ముట్టుకోని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది! నాడి నుంచి ఏదో రసాయనం కారి గుండెకు కబురు చెబుతోందని అలా తేలింది. 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లలూ, కలలో నోబెల్ వస్తుందని పడుకోకండి. లోవీ ఆ ప్రశ్నను ఎన్నో ఏళ్లు మనసులో వేసుకుని తిరిగాడు.

మామూలుగా మనకు వచ్చే కలలు ఇంత గొప్పవి కావు. కాల్విన్ హాల్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు వేల కలలు పోగుచేసి, వాటిలో ఏముందో ఓపిగ్గా వర్గీకరించాడు. ఇళ్లు, గదులు, తెలిసిన మనుషులు, పోట్లాటలు, నడవడం, మాట్లాడటం. అదృష్టం కలిసొచ్చే కలల కన్నా ఇబ్బందుల కలలే ఎక్కువ. పగలు బుర్రలో ఏది తిరుగుతుంటే రాత్రి అదే. ఇక్కడ రిటైరైన వాళ్లలో ఎంతమందికి ఇంకా పరీక్ష కల వస్తుంది? చేతులెత్తండి. చూశారా! హాల్ టికెట్ ఇంట్లో మరిచిపోవడం, తీరా వెళ్తే సెంటర్ వేరే ఊళ్లో ఉండటం, లెక్కల పరీక్ష అనుకుని వెళ్తే ఫిజిక్స్ పేపర్ ఇవ్వడం. మనవలున్నవాళ్లకు ఇప్పుడు ఇంటర్ పరీక్ష ఏమిటండీ! అయినా ఏదైనా టెన్షన్ ఉన్న రోజుల్లో అది ఠంచనుగా వస్తుంది. పెన్షన్ కాగితాల గొడవ పగలు జరుగుతుంటే, రాత్రి దానికి పాత పరీక్ష హాలు సెట్టింగు దొరుకుతుంది.

అందుకే పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది అని ఊరందరికీ ఒకే అర్థం చెప్పే పుస్తకాలంటే నాకు గురి లేదు. రోజూ పొలం గట్టున పామును చూసే రైతుకీ, హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చునే కుర్రాడికీ పాము కల ఒకటెలా అవుతుంది? ఫ్రాయిడ్ గురించి అడుగుతారని తెలుసు. కల కన్నవాడి జీవితం తెలియకుండా అర్థం చెప్పకూడదన్నాడు, ఆ మాట నాకిష్టం. అయితే ప్రతి కల వెనకా తీరని కోరిక ఉందన్నాడు. హాల్ టికెట్ పోగొట్టుకోవాలని ఎవరు కోరుకుంటారండీ? దానికీ ఆయన దగ్గర సమాధానం ఉంది, నాకే మింగుడు పడలేదు.

ఇక శరీరం సంగతి. కలలో పరిగెత్తుతుంటాం, కొడుతుంటాం, మరి మంచం మీద కాళ్లు ఎందుకు కదలవు? రెమ్ నిద్రలో మెదడు కాండం, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే భాగం, కండరాలకు పోయే ఆజ్ఞలను ఆపేస్తుంది. క్లచ్ నొక్కి ఉంచినట్టు ఇంజిన్ తిరుగుతుంది, బండి కదలదు. ఫ్రాన్స్‌లో లియాన్ నగరంలో మిషెల్ జువే 1959 ప్రాంతంలో పిల్లుల మీద పరిశోధిస్తూ, మెదడు కాండంలో చిన్న భాగాన్ని తీసేస్తే ఆ అడ్డు తొలగిపోతుందని కనిపెట్టాడు. ఆ పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుక మీద దూకేవి.

కొన్నిసార్లు మెలకువ వచ్చేస్తుంది గానీ ఆ అడ్డు ఇంకా తొలగదు. కళ్లు తెరిచి ఉంటాయి, గది కనిపిస్తుంటుంది, చేయి కదపలేం, అరవలేం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. కల ముక్కలు ఇంకా తేలుతుంటాయి కాబట్టి మూల ఎవరో నిలబడ్డట్టు కూడా ఉంటుంది. దయ్యం కూర్చుందంటారు మన ఊళ్లలో. దీనికి నిద్ర పక్షవాతం అని పేరు. సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. నిద్ర చాలనివాళ్లకు, నైట్ షిఫ్టులు మారుతుండేవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువ. తాయెత్తు కన్నా వేళకు నిద్ర, పక్కకు తిరిగి పడుకోవడం మేలు.

తల్లులు అడిగే విషయం ఒకటుంది. పిల్లాడు పడుకున్న గంటా రెండు గంటలకే లేచి కూర్చుని కెవ్వుమని అరుస్తాడు, చెమటలు, మనల్ని గుర్తుపట్టడు. దిష్టి తీస్తారు. పొద్దున అడిగితే వాడికేమీ గుర్తుండదు. అది పీడకల కాదు, గాఢనిద్రలోంచి సగం లేవడం. అందుకే మొదటి జాములో వస్తుంది. గట్టిగా కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా చూసుకుంటే తనంతట తాను పడుకుంటాడు. పీడకల అయితే తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్లాడు పూర్తిగా లేస్తాడు, ఏం కనిపించిందో చెబుతాడు, అమ్మను పట్టుకుంటాడు. వాడికి ధైర్యం చెప్పాలి. ఆంజనేయ దండకం చదివించి పడుకోబెట్టే ఇళ్లను నేను ఎగతాళి చేయను. రోజూ ఒకే వేళకు, ఒకే మాటలతో, పక్కన పెద్దవాళ్లు ఉండగా పడుకోవడం పిల్లలకు మంచిదే.

పెద్దవాళ్లకు ఒకే పీడకల పదే పదే వస్తుంటే వైద్యులు వాడే పద్ధతి ఒకటుంది. పగలు కూర్చుని ఆ కలను కాగితం మీద రాసి, మీకు నచ్చినట్టు కథ మార్చేసి, ఆ మార్చిన కథను రోజూ కొన్ని నిమిషాలు మనసులో చూసుకోవడం. ఘోరమైన అనుభవాల తర్వాత పీడకలలతో బాధపడుతున్నవాళ్ల మీద పరీక్షించి, మేలు చేస్తోందని 2001లో ప్రచురించారు. కొన్ని మందులు కూడా పీడకలలు తెప్పిస్తాయి, బీపీ మందుల్లో కొన్ని రకాలు అందులో ఉన్నాయి. సొంతంగా మానేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

నిద్రలో మాట్లాడించడం కూడా సాధించారు. ఇది కల అని కలలోనే తెలిసేవాళ్లు కొందరుంటారు. అమెరికాలో నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయంలో అలా కలగంటున్న ఒకతన్ని "ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత?" అని అడిగారు. అతను నిద్రలేవకుండానే కళ్లను అటూ ఇటూ రెండుసార్లు తిప్పి జవాబు చెప్పాడు. 2021లో వచ్చిన పరిశోధన ఇది.

చివరిగా, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లకు ఒక మాట. ఇంట్లో యాభై అరవై దాటిన మగమనిషి తెల్లవారుజామున నిద్రలో కాళ్లు ఝాడించడం, పిడికిలితో గుద్దడం, మంచం మీంచి దూకడం, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు తిట్టడం మొదలుపెడితే నవ్వి ఊరుకోకండి. ఇందాక చెప్పిన ఆ అడ్డు సరిగ్గా పనిచేయకపోవడం వల్ల వచ్చే జబ్బు కావచ్చు. 1986లో అమెరికాలోని మినెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే వైద్యులు దీన్ని మొదట వివరించారు. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి జబ్బులు వస్తున్నట్టు ఆ తర్వాత తేలింది. అందరికీ వస్తుందని కాదు. న్యూరాలజిస్టుకు చూపించండి, ఆలోగా మంచం పక్కన గాజు సామాను, పదునైన అంచులున్న స్టూళ్లు తీసేయండి. డాక్టరు గదిలోకి మీరు కూడా వెళ్లండి. ఆయన "నాకేం లేదు, హాయిగా నిద్రపడుతోంది" అంటారు. అది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. రాత్రి ఏం జరిగిందో చెప్పగలిగింది మీరే.

ప్రశ్నలుంటే అడగండి. స్వప్నఫలం మాత్రం అడక్కండి.