కామాటీల పేట కామాఠీపురా

శ్రోతలకు నమస్కారం.

ముంబయి సెంట్రల్, గ్రాంట్ రోడ్ స్టేషన్లకు దగ్గరలో కామాఠీపురా అనే పేట ఉంది. ఆ పేరు వినగానే చాలామంది ముఖం తిప్పుకుంటారు. అందులో ఉన్న మాట మాత్రం మనకు పరాయిది కాదు. మట్టిపని చేసే కూలీని మన పల్లెల్లో కామాటి అనేవారు.

1784 ప్రాంతంలో, ముంబయి దీవుల మధ్య సముద్రానికి అడ్డంగా కట్టిన హార్న్‌బీ కట్ట పూర్తయింది. సముద్రపు పోటు ఆగి, దీవుల నడుమ పల్లపు నేలలు తేలాయి. వాటిని పూడ్చి రోడ్లు, భవనాలు కట్టడానికి నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి కూలీలు తరలివెళ్లారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే ఈ పేట. కాలక్రమంలో వాళ్లలో కొందరు మేస్త్రీలై, గుత్తేదార్లయ్యారు. జ్యోతిరావు ఫూలే కులవివక్షను ఎదిరించడానికి 1873లో పుణేలో సత్యశోధక సమాజం స్థాపించాక, ముంబయిలో దానికి డబ్బుతో, మనుషులతో అండగా నిలిచినవారిలో ఈ తెలుగు గుత్తేదార్లు ఉన్నారు. కామాఠీపురా గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఇదే.

పడుపువృత్తి ఆ కూలీలు స్థిరపడిన తర్వాతి కథ. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం ఆ వృత్తిలోని స్త్రీల పేర్లు నమోదు చేసి, బలవంతంగా వైద్యపరీక్షలు జరిపించింది. యూరప్ స్త్రీలు ఉన్న వీధికి సఫేద్ గల్లీ అన్న పేరు వచ్చింది. తర్వాతి కాలంలో నేపాల్, కర్ణాటకల నుంచి, మన పల్లెల నుంచి కూడా ఆడపిల్లలను మాయమాటలతో తెచ్చి ఇక్కడ అమ్మారు. ఈ పేట పేరు చెప్పుకొని సిగ్గుపడవలసింది అమ్మినవాళ్లు, ఆ పిల్లలు కాదు.

1990ల నుంచి ఎయిడ్స్, పోలీసు దాడులు, పెరిగిన స్థలాల ధరలు ఆ స్త్రీలను చెదరగొట్టాయి. ఖాళీ అయిన గదుల్లో సంచులు కుట్టే, జరీ పని చేసే కార్ఖానాలు వెలిశాయి. బీహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ కుర్రాళ్లు అక్కడే పని చేసి, అక్కడే నిద్రపోతారు. పాత తెలుగు కుటుంబాలు కొన్ని ఇంకా ఉన్నాయి. దసరా ముందు ఆ ఇరుకు గల్లీల్లోనే బతుకమ్మను పేరుస్తాయి.

ఇప్పుడు సుమారు 34 ఎకరాల ఈ పేటను పడగొట్టి, ఎత్తైన భవనాలు కట్టే పథకాన్ని మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టింది. శిథిలమైన గోడల మధ్య, ఒక్క మంచానికే చోటున్న గదుల్లో బతికేవారికి మంచి ఇల్లు రావాలి. స్థలం యజమానికి దస్తావేజు ఉంది, పాత కిరాయిదారుకు రసీదు ఉంది. మంచానికి అద్దె కట్టే స్త్రీకి, కార్ఖానా నేల మీద పడుకునే కుర్రాడికి ఏ కాగితమూ లేదు. కూల్చే ముందు ఇంటింటా తీసే లెక్కలో వీళ్ల పేర్లూ రాయాలని అడుగుతున్నాను.

నమస్కారం.