గుమ్మడికాయ కబుర్లు: లెక్కల బుర్ర, మనిషి తీరు

కిరణ్: ...రికార్డ్ అవుతోంది. అక్కా, ఫ్యాన్ ఆపావా?

మాధవి: ఆపాను. ఉక్కపోస్తే నేను తక్కువ మాట్లాడతానని కదా నీ ఆశ.

కిరణ్: అందరికీ నమస్కారం. ఈ వారం టాపిక్, పిల్లల స్వభావానికీ లెక్కలకీ సంబంధం. ఎంబీటీఐ టెస్టు తెలుసుగా? నాలుగు అక్షరాలిచ్చి మనిషిని పదహారు రకాల్లో ఒక దాంట్లో పడేస్తుంది. నేను అంతర్ముఖుడినట.

మాధవి: నువ్వా! పిన్ని కూతురి పెళ్లిలో పంతులుగారి మైకు లాక్కున్నావు.

కిరణ్: అది వేరే కథ. ఆ టెస్టు చేసింది అమెరికాలో తల్లీకూతుళ్లు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. 1921లో యూంగ్ అనే స్విస్ సైకాలజిస్టు రాసినదాని ఆధారంగా చేశారు. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కాదు.

మాధవి: దాన్ని పట్టుకుని "మా అమ్మాయి ఆ టైపు కాదు మేడమ్, ఎంపీసీ వద్దు" అంటే ఒళ్లు మండుతుంది. పిల్ల ఎలా ఆలోచిస్తుందో రఫ్ పేజీ చూస్తే తెలుస్తుంది.

కిరణ్: వచ్చేసింది రఫ్ పేజీ. రెండో నిమిషానికే.

మాధవి: నవ్వుకో. క్రుతెత్స్కీ అని సోవియట్ సైకాలజిస్టు ఉండేవాడు. ఏళ్ల తరబడి బడిపిల్లల చేత పైకి మాట్లాడిస్తూ లెక్కలు చేయించాడు. కొందరు మాటలతో, తర్కంతో వెళ్తారు. కొందరికి బొమ్మ కావాలి. కొందరు రెండూ వాడతారు. గట్టివాళ్లు అన్ని రకాల్లోనూ ఉన్నారు.

కిరణ్: అంటే అదీ టైపులేగా?

మాధవి: టైపులే. కానీ మనిషికి కాదు, లెక్క చేసే తీరుకి. మొన్న ఏడో తరగతికిచ్చాను. 20 తలలు, 56 కాళ్లు. కోళ్లెన్ని, మేకలెన్ని? ఒకడు ఎక్స్ అనుకుని మొదలెట్టాడు. ఒకమ్మాయి 20 సున్నాలు చుట్టి, ఒక్కోదానికీ రెండు గీతలు పెట్టింది. 40 అయ్యాయి. మిగిలిన 16 గీతల్నీ రెండేసి చొప్పున పంచుకుంటూ పోయింది. ఎనిమిది మేకలు! వెనక బెంచీలో నోరు విప్పనివాడొకడు, "అన్నీ మేకలైతే 80 కాళ్లు, 24 ఎక్కువ, అందులో సగం 12 కోళ్లు" అని నా చెవిలో చెప్పాడు. బోర్డు దగ్గరికి రమ్మంటే రాడు.

కిరణ్: వాడు అంతర్ముఖుడు మరి.

మాధవి: లేదా టెన్షన్. బుర్రలో లెక్క నడవాల్సిన చోట భయం కూర్చుంటే తెలిసింది కూడా రాదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

కిరణ్: సరే, పరీక్షలో సున్నాలకీ గీతలకీ మార్కులెవరిస్తారు?

మాధవి: నేనిస్తాను.

కిరణ్: నువ్విస్తావు. నా ఎనిమిదో తరగతిలో ఇచ్చారా? సరిగ్గా ఇలాంటి లెక్కే. పడవలు, మనుషులు. బొమ్మ గీసి జవాబు రాశాను. జవాబు రైటే. "స్టెప్స్ ఏవి?" అని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు. పైగా "వీడు డ్రాయింగ్ టైపు" అని క్లాసులో అన్నారు. పదో తరగతిదాకా అదే పేరు.

మాధవి: ...తెలుసు.

కిరణ్: ఏం తెలుసు? ఆ పేపరు మీద నాన్న సంతకం పెట్టించుకురమ్మన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు నేను.

మాధవి: పొద్దున్నే సంతకం ఉంది కదా.

కిరణ్: ఉంది. నాన్న ఏమీ అనలేదని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మాధవి: నాన్న చూస్తే కదా అనడానికి.

కిరణ్: ...అక్కా!

మాధవి: "ఆర్" తోక మాత్రం సరిగ్గా రాలేదు. రఫ్ పేజీలో పదిసార్లు ప్రాక్టీస్ చేశాను.

కిరణ్: ఇరవై ఏళ్లు! ఆగు, ఇది కట్ చేయాలి, అమ్మ వింటుంది.

మాధవి: ఉంచు. గుమ్మడికాయ సంగతి కూడా చెప్పేద్దామా?

కిరణ్: వద్దు. ఫ్యాన్ వెయ్యి.