కోడిపిల్ల వాలిపోతే

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, ఈ బల్ల మీది అట్టపెట్టెలోంచి మధ్యమధ్యలో కిచకిచలు వినిపిస్తాయి, కంగారు పడకండి. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను పశువైద్యురాలిని కాను. కొన్నేళ్లుగా కోళ్లు పెంచుతూ, కొన్ని పిల్లల్ని బతికించుకుంటూ, కొన్నింటిని పోగొట్టుకుంటూ నేర్చుకున్నదాన్ని. పోగొట్టుకున్నప్పుడే ఎక్కువ నేర్చుకున్నాను కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతా.

నేను మొదటిసారి గుడ్లు పొదిగించినప్పుడు పదకొండు పిల్లలొచ్చాయి. మూడో రోజు పొద్దున్నే చూస్తే ఒకటి మూలన పడి ఉంది, కళ్లు మూసుకుని, రెక్కలు వేలాడేసి, మిగతావి దాన్ని తొక్కుకుంటూ తిరుగుతున్నాయి. చేతిలోకి తీసుకుంటే మెడ వాలిపోయింది. మనకు తెలిసిందేముంది, నీరసంగా ఉంటే ఏదో ఒకటి తినిపించాలి, అంతేగా? ఉడికించిన గుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి సిరంజితో నోట్లో పోశాను. రెండుసార్లు నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది, అయిపోయింది. చాన్నాళ్లు అందరికీ 'జబ్బు చేసి పోయింది' అనే చెప్పాను. జబ్బుతో కాదు, నా ఆత్రంతో పోయింది.

అక్కడ నేను చేసిన తప్పులు రెండు. ఆ పిల్ల చల్లగా ఉంది, ఒళ్లు చల్లబడిన పిల్లకు కడుపు సరిగ్గా పనిచేయదు, లోపలికి వెళ్లిన మేత అరగకుండా అక్కడే ఉండిపోతుంది. ఇక రెండోది, కోడికి గాలిగొట్టం నోట్లోనే, నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. మింగే ఓపిక లేని పిల్ల నోట్లో ఏది పోసినా సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ఈరోజు నేను చెప్పేదంతా ఒక వరస గురించి. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత, మందు సంగతి అన్నిటికన్నా చివర. వరస తప్పితే మంచి మేత కూడా ప్రాణం తీస్తుంది, నేను తీశాను కదా.

వేడి దగ్గరికి వద్దాం. పెద్దకోడి ఒంటివేడి 41 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అది ఈకల మాటున ఆ వేడిని కాపాడుకోగలదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాదాపు 40 గ్రాములుంటుంది, ఒంటి మీద ఉన్నది నూగు మాత్రమే, దానికి ఆ శక్తి లేదు. తల్లికోడి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకునేది ఒక్క ముద్దుకే కాదు మరి. తల్లి లేకుండా పెంచేటప్పుడు ఆ పని మనది. మొదటి వారం పిల్లలు పడుకునే చోట 35 డిగ్రీలు ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ పిల్లల వీపు ఎత్తులో పెట్టండి. పైన గోడకు తగిలిస్తే అది గది వేడి చెప్తుంది, పిల్లకు తగిలే వేడి చెప్పదు. అసలు థర్మామీటర్ కన్నా పిల్లల్ని చూడటం నయం. వేడి కోసం వేలాడదీసిన బల్బు కింద గుట్టగా పోగుపడి గట్టిగా అరుస్తున్నాయంటే చలి. బల్బుకు దూరంగా గోడలకు అంటుకుని నోళ్లు తెరుచుకుని ఎగశ్వాస తీస్తున్నాయంటే ఉడికిపోతున్నాయి. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎటునుంచో చలిగాలి కొడుతోంది. చెల్లాచెదురుగా పడుకుని, తింటూ, మెల్లగా కిచకిచలాడుతుంటే మీరు వెళ్లి మీ పని చూసుకోవచ్చు.

వాలిపోయిన పిల్ల చేతికి రాగానే నేను దాని కాళ్లు నా మణికట్టు లోపలి వైపు ఆనిస్తాను. చల్లగా తగిలితే ఇక మిగతా ఆలోచనలన్నీ పక్కన పెట్టి వెచ్చబెట్టడమే. రెండు అరచేతుల మధ్య పొదివి పట్టుకోవచ్చు. లేదా వేడినీళ్లు పోసిన సీసాకు గుడ్డ చుట్టి, చిన్న పెట్టెలో పిల్ల పక్కన పెట్టొచ్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: పాపం చలిగా ఉందని దాన్ని తీసుకెళ్లి బల్బు కిందే పడుకోబెడతారు. ఓపికున్న పిల్ల వేడెక్కితే లేచి పక్కకు పోతుంది, ఇది పోలేదు, ఉన్నచోటే మాడిపోతుంది. అందుకే వేడి ఒక పక్కనే ఉండాలి, అరగంటో గంటో ఓపిగ్గా పట్టాలి, మధ్యమధ్యలో చేయి పెట్టి చూస్తూ ఉండాలి. కాళ్లు వెచ్చబడి, కళ్లు తెరిచి, 'కీచ్' అని ఒక్క అరుపు అరిచిందంటే సగం గండం గడిచినట్టే. అన్నట్టు, బల్బు ఎలా కట్టారో ఒకసారి చూసుకోండి, అది జారి కింద పరిచిన పొట్టు మీద పడితే కోళ్లే కాదు కొంపే అంటుకుంటుంది. ఒక్క తాడు నమ్ముకోవద్దు, గొలుసు కూడా వేయండి.

తర్వాత నీళ్లు. పిల్ల బయటపడే ముందు గుడ్డులో మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాగేసుకుంటుంది. ఆ సద్దిమూటతో రెండు మూడు రోజులు గడిపేయగలదు, ఒక్కరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి దూరాలకు పంపగలుగుతున్నది దాని పుణ్యమే. కాబట్టి పుట్టిన రోజున తినలేదని టెన్షన్ పడకండి. మూడో రోజు దాటినా ముక్కు మేతలో పెట్టలేదంటే మాత్రం అది సమస్యే.

గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చిన్న చెంచా పంచదార కలపండి. డ్రాపర్ ఉంటే సరే, లేకపోతే మీ వేలి కొన చాలు. పిల్లను ఎడమచేతిలో నిలువుగా పట్టుకుని, పై ముక్కూ కింది ముక్కూ కలిసే గీత ఉంటుంది చూడండి, అక్కడ పక్కనుంచి ఒకే ఒక్క చుక్క ఆనించండి. నోరు తెరవకండి, పోయకండి. ఆ చుక్క గీత వెంట లోపలికి పాకుతుంది, పిల్ల నాలుక ఆడిస్తుంది, తల పైకెత్తి మింగుతుంది. అది మింగడం కళ్లారా చూశాకే రెండో చుక్క. పది నిమిషాలకోసారి నాలుగైదు చుక్కలు, అంతే. కాస్త తేరుకున్నాక ముక్కు కొస మాత్రం నీళ్లలో ముంచితే తనంతట తనే తాగుతుంది, ముక్కు రంధ్రాలు మునగకూడదు. తీపినీళ్లు మొదటి కొన్ని గంటలకే, ఆపైన మామూలు నీళ్లో, కోళ్లకని అమ్మే ఎలక్ట్రోలైట్ కలిపిన నీళ్లో ఇవ్వండి. ఉప్పు మాత్రం మీ అంచనాతో వేయొద్దు, పిల్లల ఒళ్లు ఉప్పును తట్టుకోలేదు. నీళ్ల పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేసి ఉంచండి. నీరసంగా ఉన్న పిల్ల తాగుతూ తాగుతూ తూలి అందులోనే ముఖం పెట్టేసి చనిపోతుంది, అంగుళం లోతు చాలు దానికి.

మేత గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పిల్లల మేతనే పొడి చేసి కాస్త తడిపి పెట్టండి, కావాలంటే ఉడికిన పచ్చసొన చిటికెడు కలపండి, మిగిలింది గంటలో తీసేయండి, పులిస్తే కొత్త జబ్బు. వేలితో మేత మీద టకటకా కొడితే తల్లి ముక్కుతో చూపిస్తున్నట్టు అనుకుని పొడవడం మొదలుపెడుతుంది, ఇది నిజంగా పనిచేస్తుంది, నవ్వకండి. రాత్రి పడుకునే ముందు మెడ కింద మేత చేరే సంచిని మెల్లగా తడిమి చూడండి. మెత్తగా, నిండుగా తగిలితే తిన్నట్టు. ఖాళీగా ఉంటే పొద్దున్నుంచీ అది తినే నటన చేసిందన్నమాట.

ఇప్పుడు పిల్ల వెచ్చగా ఉంది, నీళ్లు తాగింది. ఇక తిప్పి చూడండి, ఏమైందో చాలాసార్లు ఒంటి మీదే కనిపిస్తుంది.

మొట్టమొదట వెనకవైపు. మర్యాదగా మలద్వారం అంటాం, మనలో మనం ముడ్డి అనుకుందాం. అక్కడ రెట్ట అంటుకుని గట్టిపడి మూసుకుపోతుంది, ప్రయాణం చేసి వచ్చిన పిల్లల్లో, వేడి ఎక్కువో తక్కువో అయిన పిల్లల్లో ఇది మామూలే, కానీ వదిలేస్తే రెట్ట వేయలేక చచ్చిపోతుంది. లాగకండి. లాగితే నూగుతో పాటు చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదిని రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచితే దానంతట అదే కరిగొస్తుంది. తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, కాస్త వ్యాజిలిన్ రాయండి. తడి పిల్లను అలాగే వదిలేస్తే మళ్లీ చలి, మళ్లీ మొదటికే వస్తాం. ఇంకో మాట, పొట్ట మీద ముందువైపు ఎండిన చిన్న పెచ్చు కనిపిస్తే అది రెట్ట కాదు, బొడ్డు, దాన్ని గిల్లకండి. బొడ్డు ఎర్రగా వాచి, పొట్ట మెత్తగా ఉబ్బి, కుళ్లు వాసన వస్తోందంటే లోపల పచ్చసొనకు సూక్ష్మక్రిములు పట్టాయని అర్థం. అలాంటివి బతకడం కష్టం, ఊరికే ఆశపెట్టను.

కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోయి పిల్ల బోర్లా పడి ఉంటే, తొంభై శాతం తప్పు నేలదే అంటాను నేను (ఆ లెక్క నా చిరాకు లెక్క లెండి, ఎవరూ రాసుకోవద్దు). నున్నటి న్యూస్‌పేపర్ మీద, ప్లాస్టిక్ మీద కాళ్లు నిలవవు. గరుకు గుడ్డ వేయండి. గాయాలకు వేసే అంటుడు పట్టీని నిలువుగా సన్నగా కత్తిరించి, రెండు కాళ్లకూ చుట్టి, మధ్యలో రెండు సెంటీమీటర్ల పైన ఎడం ఉంచి కలపండి, అంటే సంకెళ్లు వేసినట్టు. మొదట్లో పడుతూ లేస్తూ తిట్టుకుంటుంది, పూటలో అలవాటైపోతుంది. ఎముకలు లేతగా ఉన్న మొదటి రోజుల్లోనే చేస్తే రెండు మూడు రోజుల్లో కాళ్లు నిలబడతాయి, వారం గడిచాక చేస్తే ఫలితం బాగా తక్కువ. రోజూ విప్పి చూడండి, కాలు ఎదుగుతుంది, పట్టీ ఎదగదు.

వేళ్లు లోపలికి ముడుచుకుపోయి పిడికిలి మీద నడుస్తున్నట్టు నడిస్తే బి2 విటమిన్ లోపం కావచ్చు. తల వెనక్కి వాలిపోయి చుక్కల్ని చూస్తున్నట్టుంటే బి1 అయి ఉండొచ్చు. దీనికి పాత కథ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి అనే జబ్బుకు కారణం వెతుకుతూ కోళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు. ఉన్నట్టుండి కోళ్లన్నీ తూలిపోవడం మొదలెట్టాయి, కొన్నాళ్లకు వాటంతటవే బాగయ్యాయి. ఏంటా అని ఆరా తీస్తే, మిలిటరీ ఆస్పత్రి వంటగదిలో మిగిలిన పాలిష్ పట్టిన తెల్లబియ్యం అన్నం వాటికి వేస్తున్నారు, కొత్తగా వచ్చిన వంటవాడు 'మిలిటరీ అన్నం మామూలు కోళ్లకా, కుదరదు' అని ఆపేశాడు, దాంతో పాలిష్ పట్టని బియ్యం వేశారు, కోళ్లు లేచి కూర్చున్నాయి. పాలిష్‌లో పోయే తవుడులోనే ఈ బి1 ఉంటుంది మరి. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వంటవాడి పిసినారితనానికి ఏమీ రాలేదు. మెడ తిరిగిపోవడానికి ఇంకా కారణాలున్నాయి, ఇ విటమిన్ లోపం, దెబ్బ, కొక్కెర తెగులు అనే కోళ్ల అంటుజబ్బు లాంటివి. ఒక్కటే పిల్లకు ఉంటే విటమిన్లు మొదలుపెట్టి చూడొచ్చు, నాలుగైదింటికి ఒకేసారి వస్తే మీ ప్రయోగాలు ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మూడు నుంచి ఆరు వారాల పిల్లలు ఈకలు నిక్కబొడుచుకుని ముడుచుకుని కూర్చుని, రెట్టలో నెత్తురు పడుతోందంటే ముందు కాక్సిడియా అనుకోవాలి. తడి పొట్టులో పెరిగే పరాన్నజీవి అది, పేగుల్ని కోసేస్తుంది. డాక్టర్లు ఎక్కువగా ఇచ్చేది ఆంప్రోలియం, నీళ్లలో కలిపే మందు. అది పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది, చూడ్డానికి బి1 విటమిన్‌లాగే ఉండి ఆ పరాన్నజీవిని మోసం చేసి ఆకలితో చంపుతుంది. కాబట్టి ఆ మందు ఇస్తున్న రోజుల్లో బలానికని బి విటమిన్ కలిపారంటే మీ మందును మీరే చెడగొట్టినట్టు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. ఒక దుకాణంలో రెండు సీసాలూ కలిపి ఇచ్చి రెండూ వేయమన్నారు, అడక్కుండా వేసేశాను. ఇక కారణం తెలియకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టడం గురించి అడక్కండి, నాకు కోపం వస్తుంది.

నోరు తెరిచి గురగుర మంటున్న పిల్లల్ని చూస్తే పొట్టు వాసన చూడండి. బూజు పట్టిన పొట్టులోంచి శిలీంధ్రం ఊపిరితిత్తుల్లోకి పోతే దానికి సరైన వైద్యం లేదు, పొట్టు మార్చి మిగతావాటిని కాపాడుకోవడమే. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతుంటే నర్సు పని మానేసి పశువైద్య అధికారులకు చెప్పండి, బర్డ్ ఫ్లూ లాంటివి మనకూ అంటుకుంటాయి. ఆరోగ్యంగా కనిపించే పిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండొచ్చు, అందుకే ముద్దులు పెట్టడాలు, మొహానికి ఆనించుకోడాలు వద్దు, పసిపిల్లలున్న ఇళ్లలో మరీ వద్దు.

జబ్బు పిల్లను వేరుగా పెట్టాలి, కానీ ఒంటరిని చేయకూడదు. ఒంటరి పిల్ల గొంతు చించుకుని అరుస్తుంది, ఆ అరుపుకే ఉన్న ఓపిక ఖర్చయిపోతుంది. అంటుజబ్బు కాకపోతే నెమ్మదైన పిల్లనొకదాన్ని తోడు పెట్టండి, లేకపోతే చిన్న అద్దం, మెత్తటి బొమ్మ. తిరిగి గుంపులో కలిపేటప్పుడు చీకటి పడ్డాక, మిగతావి నిద్రలో ఉన్నప్పుడు మధ్యలోకి తోసేయండి. మర్నాడు కొంచెం ముందే లేచి ఒక గంట కాపలా కాయండి, నెత్తురు చుక్క కనిపిస్తే చాలు అన్నీ దాన్నే పొడుస్తాయి.

కొన్ని బతకవు. రెండు రోజులు అన్నీ సరిగ్గా చేసినా నీళ్లు మింగకుండా, కాళ్లు చల్లబడుతూ ఉంటే దాన్ని సిరంజిలతో హింసించకుండా వెచ్చగా, చీకట్లో పడుకోనివ్వండి, బాధ పడుతోందనిపిస్తే డాక్టరును అడిగి సులువుగా పోనివ్వండి. అది చేతకానితనం కాదు.

సరే, ఈ పెట్టె. ఇందులో ఉన్నవి రెండు పిల్లలు, ఐదు రోజులవి. నల్లదానికి కాళ్లకు పట్టీ ఉంది, నిన్న రాత్రి మొదటిసారి నాలుగు అడుగులు వేసింది. పచ్చది దానికి తోడు. ఒక్కొక్కరే వచ్చి చూడండి, పట్టీ ఎలా కట్టానో తిప్పి చూపిస్తాను. పట్టుకున్నవాళ్లు ఆ మూల సబ్బు ఉంది, చేతులు కడుక్కునే వెళ్లండి.